షుగర్ తింటే షుగర్ వస్తుందా? ముందు ఇంట్లో పంచదార డబ్బా తూచండి

జబ్బుకీ, డబ్బాలో ఉన్న తెల్ల పలుకులకీ మనం ఒకే పేరు పెట్టుకున్నాం. ‘పెద్దనాన్నకి షుగర్ వచ్చింది’ అంటాం. ‘షుగర్ లేకుండా ఒక టీ’ అనీ అంటాం. పేరు ఒకటే కాబట్టి కారణమూ ఒకటేనని మనసులో ముద్ర పడిపోయింది. పంచదార మానేశాను కదా, ఇక భయం లేదనుకునేవాళ్లు కొందరు. షుగర్ లేదు కదా, ఎంత తిన్నా పర్లేదనుకునేవాళ్లు కొందరు. ఇద్దరూ పొరపాటు పడుతున్నారు. ఈ వ్యాసంలో తినేదాన్ని పంచదార అనీ, జబ్బుని షుగర్ అనీ రాస్తాను.

పొద్దున్నే విశాఖ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర్నుంచి సబ్‌మెరైన్ దాకా నడవండి, ఈ వాదన మూడు రకాలుగా చెవిన పడుతుంది. పంచదార విషం, ముట్టుకోకూడదు అనేవాళ్లది ఒక జట్టు. పంచదార తప్పు గానీ అనకాపల్లి బెల్లం తింటే ఏమీ కాదు అనేవాళ్లది ఇంకో జట్టు. మా తాతలు తినలేదా, తొంభై ఏళ్లు బతకలేదా అనేవాళ్లది మూడో జట్టు. మా అమ్మకి ఆరేళ్ల కిందట షుగర్ బయటపడ్డాక నేను రెండో జట్టులో చేరాను. ఆ మూడు నెలలు అమ్మకి నష్టం చేశాయి. ఆ సంగతి కింద చెబుతాను, మీ ఇంట్లో అలా జరక్కూడదనే ఇదంతా రాస్తున్నాను.

కావలసినవి: వంటింట్లో పెట్టుకునే చిన్న డిజిటల్ కాటా, ఒక నోటుపుస్తకం, ఒక నెల ఓపిక. కాటా లేకపోతే కిరాణా కొట్టువాళ్లను అడిగితే తూచి పెడతారు.

మొదలుపెట్టే ముందు ఒక జాగ్రత్త. ఇంట్లో ఎవరైనా ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు గానీ వాడుతుంటే అన్నం, తీపి ఒక్కసారిగా కోసెయ్యొద్దు. మందు మోతాదు అలాగే ఉండి తిండి తగ్గితే రక్తంలో గ్లూకోజ్ మరీ పడిపోతుంది. చెమటలు, వణుకు, కంగారు, మాట తడబడటం కనిపిస్తాయి. అప్పుడు మెలకువలో ఉండి మింగగలిగితే మూడు చెంచాల గ్లూకోజ్ పొడి గానీ పంచదార గానీ నీళ్లలో కలిపి వెంటనే తాగించండి. పావుగంట ఆగి మళ్లీ పరీక్ష చేయండి, ఇంకా తక్కువే ఉంటే మళ్లీ ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ నిమిషంలో పంచదారే మందు. అందుకే మా ఇంట్లో డబ్బా పూర్తిగా ఖాళీ కానివ్వం. మీరు తిండి మార్చదలుచుకుంటే ముందు డాక్టరుతో మాట్లాడి మందు సరిచేయించుకోండి.

1. డబ్బా తూచండి

ఒకటో తారీఖున సరుకులు తెచ్చాక పంచదార ఎంత, బెల్లం ఎంత, తేనె ఎంత అని నోటుపుస్తకంలో రాయండి. నెలాఖరుకి మిగిలింది తూచి అందులోంచి తీసెయ్యండి. వచ్చిన గ్రాముల్ని ఇంట్లో మనుషుల లెక్కతో, తర్వాత 30తో భాగించండి. నలుగురున్న ఇంట్లో నెలకి మూడు కిలోల పంచదార, కిలో బెల్లం అయిపోయాయనుకోండి. మనిషికి రోజుకి 33 గ్రాములు. ఇందులో బయట తాగిన టీ లేదు, బిస్కెట్ లేదు, కూల్‌డ్రింక్ లేదు, పెళ్లిభోజనం లేదు.

ఈ 33 ఎక్కువా తక్కువా? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఒక గీత గీసింది. బయట నుంచి కలుపుకునే తీపి అంతా కలిపి, అంటే పంచదార, బెల్లం, తేనె, పళ్లరసం, పానకాలు అన్నీ, రోజు మొత్తం శక్తిలో పదో వంతుకి మించకూడదు. ఇరవయ్యో వంతుకి దించితే ఇంకా మంచిదంది. రోజుకి 2000 కేలరీలు తినే మనిషికి మొదటి గీత 50 గ్రాములు, రెండోది 25 గ్రాములు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన ఆహార మార్గదర్శకాలు కూడా ఆ పాతిక గ్రాముల దగ్గరే ఉన్నాయి. పండు కొరుక్కుని తింటే ఆ తీపి ఈ లెక్కలోకి రాదు. పాలల్లో సహజంగా ఉన్నదీ రాదు.

నెల లెక్క ఇల్లంతటిది. మనిషి లెక్క విడిగా చూడాలంటే చెంచా తూచండి. మా అమ్మ టీలో రెండు చెంచాలే వేసుకుంటానని చెప్పేది, అబద్ధం కాదు. కాకపోతే ఆ చెంచా గోపురంలా తీసేది. కాటా మీద గిన్నె పెట్టి సున్నా చేసి, తను రోజూ తీసేలాగే తియ్యమన్నాను. ఒక్క చెంచా 7 గ్రాములు వచ్చింది. నున్నగా గీకి తీస్తే 4, 5 గ్రాములే. అలా రెండు చెంచాలు, మూడు టీలు: 42 గ్రాములు. పొద్దుటి చోడి (రాగి) జావలో ఉసిరికాయంత బెల్లం ముక్క, అది 20 గ్రాములు. అంతా స్టీలు గ్లాసులో పోసి ముందు పెట్టాను. అమ్మ ఆ గ్లాసుని చేత్తో పట్టుకుని కాసేపు చూసింది.

‘‘ఇదంతా నేనొక్కదాన్నేనా? ఒక్కరోజులోనా?’’

‘‘అవునమ్మా. స్వీటు ఒక్కటీ కలపలేదు.’’

ఆ గ్లాసు చేసిన పని అంతకుముందు నేను చెప్పిన వంద మాటలు చెయ్యలేదు. మీరూ ఇంట్లో పెద్దవాళ్లతో వాదించకండి. వాళ్ల చేత్తోనే తీయించి, వాళ్ల కళ్లముందే తూచండి.

2. వాదనలో ఏది తేలిందో, ఏది తేలలేదో విడదీయండి

వాట్సాప్‌లో ఏ సందేశం వచ్చినా మూడు గంపల్లో ఒకదాంట్లో వెయ్యండి.

తేలిపోయినవి. పంచదార పళ్లు పుచ్చేలా చేస్తుంది. ఎంత తిన్నారన్నదే కాదు, రోజుకి ఎన్నిసార్లు నోట్లో వేసుకున్నారన్నదీ ముఖ్యం. తియ్యటి పానీయాలు రోజూ తాగేవాళ్లలో బరువు, టైప్ 2 షుగర్ ఎక్కువ. ద్రవంగా తాగిన కేలరీలకు కడుపు నిండినట్టు అనిపించదు, కాబట్టి అన్నం మామూలుగానే తింటారు. ఫ్రక్టోజ్‌ని ఎక్కువగా చూసుకునేది కాలేయం. పంచదారలో సగం గ్లూకోజ్, సగం ఫ్రక్టోజ్. అతిగా వెళ్తే కాలేయంలో కొవ్వు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు (రక్తంలో తిరిగే ఒక రకం కొవ్వు) పెరుగుతాయి.

ఇంకా తర్కం నడుస్తున్నవి. పంచదార దానంతట అదే ఒక ప్రత్యేకమైన విషమా, లేక కేలరీలు పెంచడం వల్లే చేటు చేస్తుందా? న్యూజిలాండ్ పరిశోధకులు 2013లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ కలిపి చూశారు. పంచదార తగ్గించినవాళ్లు సగటున ముప్పావు కిలో పైచిలుకు తగ్గారు, పెంచినవాళ్లు దాదాపు అంతే పెరిగారు. పంచదార తీసేసి అన్నే కేలరీల పిండిపదార్థం పెట్టినప్పుడు బరువులో తేడా రాలేదు. బియ్యం మీద బతికే మనం ఈ చివరి ముక్క గుర్తుపెట్టుకోవాలి. దీని సంగతి అయిదో మెట్టులో ఉంది.

తప్పని తేలినవి. తీపి తింటే పిల్లలు అల్లరి ఎక్కువ చేస్తారన్నది ప్రయోగాల్లో నిలబడలేదు. 1995లోనే వాటినన్నిటినీ కలిపి చూసి అలాంటిదేమీ లేదని చెప్పారు. పుట్టినరోజు పండగలో పిల్లలు గెంతేది కేకు వల్ల కాదు, పదిమంది పిల్లలు ఒకచోట చేరడం వల్ల. పంచదార మానేస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో చస్తాయన్నదీ తప్పే. ఇది నమ్మి వైద్యం ఆపినవాళ్లకి ప్రాణాపాయం. ఒంట్లో ప్రతి కణానికీ గ్లూకోజ్ అందుతుంది, మీరు తినకపోతే కాలేయం తయారుచేస్తుంది.

ఈ గొడవ ఇంత చిక్కుపడటానికి కథ ఉంది. బ్రిటన్‌లో జాన్ యుడ్‌కిన్ గుండెజబ్బులకి పంచదార కారణమని వేలు చూపించాడు. 1972లో పుస్తకమే రాశాడు. అమెరికాలో ఆన్సెల్ కీస్ కొవ్వుదే తప్పన్నాడు. ఆయన మాటే ఎక్కువ కాలం నడిచింది. 2016లో కాలిఫోర్నియా పరిశోధకులు పాత కాగితాలు తవ్వి ఒక విషయం బయటపెట్టారు. 1967లో పేరున్న వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్షకి పంచదార వ్యాపారుల సంస్థ హార్వర్డ్ శాస్త్రవేత్తలకి డబ్బిచ్చింది, ఆ సంగతి వ్యాసంలో రాయలేదు. అది కుట్రా, ఆ రోజుల్లో మామూలు పద్ధతా అని చరిత్రకారులు ఇప్పటికీ తగువు పడుతున్నారు. మనకి పనికొచ్చేది ఇంతే: ఎవరైనా పంచదార గురించి గట్టిగా మాట్లాడుతుంటే, ఆ పరిశోధనకి డబ్బెవరిచ్చారో, చివర్లో వాళ్లు ఏ పొడి అమ్ముతున్నారో చూడండి.

3. తాగేవి ముందు కోయండి

తినేవాటి జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ఒక నెలంతా తాగేవాటి మీదే పెట్టండి. ఫలితం ఎక్కువ, బాధ తక్కువ ఇక్కడే.

మామూలు కోలా 100 మిల్లీలీటర్లకి పది గ్రాములకు అటూ ఇటూ. పావు లీటరు సీసా తాగితే ఆ రోజు పాతిక గ్రాములు అక్కడితో సరి. చెరకు రసం గ్లాసుకి కూడా పాతిక, ముప్పైకి తగ్గదు. నిమ్మకాయ, అల్లం పిండినంత మాత్రాన అది తగ్గదు. జ్యూస్ కొట్టులో బత్తాయి రసం అడిగేటప్పుడు ‘పంచదార వద్దు’ అని ముందే చెప్పండి. గ్లాసు చేతికొచ్చాక చెప్పి లాభం లేదు. దానికన్నా బత్తాయి ఒలుచుకుని తినడం మేలు, పీచు మిగులుతుంది.

మన విశాఖ ఉక్కపోతలో దాహం ఊరికే తీరదు, నాకూ తెలుసు. ఏప్రిల్, మే నెలల్లో గాజువాక నుంచి జగదాంబ దాకా బస్సులో వచ్చి దిగితే చొక్కా పిండుకోవచ్చు. అప్పుడు చల్లటి సీసా చూస్తే మనసు ఆగదు. అందుకే బయల్దేరేటప్పుడే సీసాలో పల్చటి మజ్జిగ పోసుకోండి, ఉప్పు, కాస్త అల్లం, కరివేపాకు నలిపి. బండి దగ్గరైతే నిమ్మకాయ సోడా ఉప్పుతో చేయమనండి. పులిసిన చోడి అంబలి మజ్జిగ, ఉల్లిపాయలతో తాగితే మధ్యాహ్నం దాకా ఆకలెయ్యదు.

విరేచనాలు, వడదెబ్బ అని పిల్లలకి రంగు డబ్బాల డ్రింకులు కొనిపెట్టే అలవాటు మాత్రం వెంటనే మానండి. అసలైన ఓఆర్ఎస్‌లో లీటరు నీటికి 13.5 గ్రాముల గ్లూకోజే ఉంటుంది, దానికి తగ్గ ఉప్పులుంటాయి. ఓఆర్ఎస్ అని పేరు పెట్టుకుని షాపుల్లో అమ్మిన తియ్యటి డ్రింకుల్లో దానికి ఎన్నో రెట్లు పంచదార ఉండేది, అది విరేచనాల్ని పెంచుతుంది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ దీనిమీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆ పేరు అలా వాడకూడదని ఆదేశించింది. మందుల షాపులో పొడి ప్యాకెట్ అడగండి, దానిమీద డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని ఉందో లేదో చదివి తీసుకోండి.

టీ సంగతి. ఒక్కరోజులో చప్పటి టీ తాగమంటే ఎవరూ తాగరు, నాలుగోరోజుకి పాత చెంచాకే వస్తారు. ఇలా చేయండి. మొదటివారం చెంచా గోపురం తీసెయ్యండి, నున్నగా గీకి వేయండి. రెండోవారం టీ మరిగేటప్పుడు పంచదార వేయడం మానేసి, కప్పులో పోశాక ఎవరికి వాళ్లు కలుపుకునేలా పెట్టండి. మూడోవారం నుంచి వారానికి అర చెంచా చొప్పున తగ్గించండి. ఏలక్కాయ గానీ అల్లం గానీ దంచి వేస్తే లోటు అంతగా తెలియదు. నాలుకకి అలవాటు మారడానికి కొన్ని వారాలు పడుతుంది. మారాక పాత టీ తాగితే పానకంలా ఉంటుంది. బయట టీ కొట్టులో పంచదార వేసే కాచి పెడతారు, కాబట్టి ‘చిన్న కప్పు’ అనండి, లేదా బ్లాక్ టీ అడగండి. ప్లాంటులో నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకి ఇక్కడే ఎక్కువ పంచదార లోపలికి పోతుంది, ఎనిమిది గంటల్లో అయిదు టీలు లెక్కలోకే రావు. ఫ్లాస్కు ఇంటి నుంచి పట్టుకెళ్లండి.

4. బెల్లాన్ని లెక్కలో కలపండి

దీన్ని నెమ్మదిగా చెబుతాను, ఎందుకంటే ఇది చెబితే మనవాళ్ల మనసు నొచ్చుకుంటుంది. అమ్మ పుట్టింటివాళ్లు చోడవరం వైపు చెరకు రైతులు. చిన్నప్పుడు సెలవులకి వెళ్తే బెల్లం వండే పాక దగ్గరే మా మకాం. గానుగ ఆడిన రసం పెద్ద పెనంలో పోసి, చెరకు పిప్పి మంటేసి కాచేవాళ్లు. సున్నపునీళ్లు వేస్తే మడ్డి పైకి తేలేది, దాన్ని తీసేసేవాళ్లు. పాకం ముదిరి బుడగలు చిన్నవయ్యాక దించి తిప్పేవాళ్లు. మా తాత ఆ వేడి పాకం కొబ్బరిచిప్పలో పోసి చేతికిచ్చేవాడు. అనకాపల్లి బెల్లం మార్కెట్ దేశంలోనే పెద్దవాటిలో ఒకటి, 1913 నుంచీ అక్కడ చెరకు పరిశోధన కేంద్రం ఉంది. ఆ బెల్లానికి నేను శత్రువుని కాదు.

కానీ అమ్మకి షుగర్ బయటపడ్డ రోజు నేనే అన్నాను: ‘‘పంచదార మానెయ్యమ్మా, బెల్లం తిను, పర్లేదు.’’ ఎవరో చెప్పింది, ఎక్కడో చదివింది. అమ్మ ధైర్యంగా తిన్నది. ముందు భయపడి సగం తినేది కాస్తా, మంచిదే కదా అని రెండింతలు వేసుకుంది. జావలో బెల్లం, టీలో బెల్లం, భోజనమయ్యాక ఒక చిన్న ముక్క. మూడు నెలలకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల గ్లూకోజ్ సగటు చెప్పే రక్తపరీక్ష) 7.9 నుంచి 8.6కి వెళ్లింది. తప్పు నాదే.

బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న సుక్రోజే. కాస్త విడి గ్లూకోజ్, ఫ్రక్టోజ్, కాస్త తేమ, కొద్దిగా ఖనిజాలు. రక్తంలో గ్లూకోజ్‌ని పెంచడంలో పంచదారకీ దీనికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. ఇనుము ఉంటుందంటారు, నిజమే. పది గ్రాముల ముక్కలో మహా అయితే ఒక మిల్లీగ్రాము అటూ ఇటూ. ఆడవాళ్లకి రోజుకి 29 మిల్లీగ్రాములు కావాలని మన పోషకాహార సంస్థ చెబుతోంది. బెల్లంతో అది నింపుకోవాలంటే దిమ్మలు తినాలి. తోటకూర, శనగలు, నువ్వులు తినండి, మీద నిమ్మకాయ పిండుకోండి, ఇనుము బాగా పడుతుంది. తేనె, తాటిబెల్లం, బ్రౌన్ షుగర్ కూడా ఇదే లెక్క.

కాబట్టి ఏం చేయాలి? పాతిక గ్రాముల్లో మీకు బెల్లమే ఇష్టమైతే ఆ వాటా బెల్లానికే ఇచ్చెయ్యండి, పంచదార పక్కన పెట్టండి. రుచికి ఓటెయ్యండి, ఆరోగ్యం పేరు చెప్పొద్దు. కొనేటప్పుడు మెరిసే పసుపురంగు దిమ్మ కాకుండా ముదురురంగుది అడగండి. ఆ లేతరంగు కోసం హైడ్రోస్ అనే రసాయనం కలిపే అలవాటు ఉంది. ముదురురంగు బెల్లం కొంటే రసాయనం వెయ్యని రైతుకి నాలుగు రూపాయలు దక్కుతాయి. ముక్కలు ఇంట్లోనే కొట్టి పది గ్రాములవి చేసి సీసాలో పెట్టుకోండి. మా ఇంట్లో ఒక ముక్క అంటే ఇప్పుడు పది గ్రాములే.

5. అన్నం గిన్నె వైపు చూడండి

పంచదార తగ్గించాక కూడా షుగర్ దిగకపోతే చాలామంది మాత్ర మార్చమంటారు. ముందు అన్నం చూడండి. వంద గ్రాముల బియ్యంలో 78 గ్రాముల వరకు పిండిపదార్థం. అది కడుపులో గ్లూకోజ్ అవుతుంది. రోజుకి మూడొందల గ్రాముల బియ్యం తినే మనిషికి అదే 230 గ్రాములు దాటుతుంది. దీని ముందు టీలో చెంచా ఎంత? పైన చెప్పిన బ్రిటిష్ పత్రిక లెక్క ఇక్కడ మన కంచంలో కనిపిస్తుంది.

అలాగని అన్నం మానెయ్యమనట్లేదు. బియ్యం కొలిచే గ్లాసులో నాలుగో వంతు తగ్గించి వండండి. ఆ ఖాళీలో పప్పు, కూర, గుడ్డు, చేప పెట్టండి. సముద్రం పక్కన ఉన్నాం, చిన్న చేపలకి కొదవ లేదు. కంచంలో ముందు కూర, పప్పు నాలుగు ముద్దలు తిన్నాక అన్నం కలుపుకోండి. ఇదే భోజనం, ఇదే పరిమాణం, వరస మార్చినందుకే గ్లూకోజ్ పెరుగుదల తగ్గుతుందని ప్రయోగాల్లో తేలింది. తిన్నాక పది పదిహేను నిమిషాలు వీధిలో నడవండి. చోడి పిండి జావ మెత్తగా కాచి గ్లాసులకు గ్లాసులు తాగితే అదీ పిండిపదార్థమే, చోళ్లు కదా అని లెక్క తప్పించొద్దు.

6. ప్యాకెట్ వెనక్కి తిప్పండి

ముందు వైపు బొమ్మలు చూడకండి. వెనక పట్టికలో టోటల్ షుగర్స్, దాని కింద యాడెడ్ షుగర్స్ అని ఉంటాయి. రెండోది మనకి కావాలి. వంద గ్రాములకి ఎంతో చూసి, మీరు తినేది ఎంతో గుణించండి. పక్కన రోజువారీ అవసరంలో ఇంత శాతం అని రాస్తారు. అది 50 గ్రాముల గీత మీద వేసిన లెక్క. పాతిక మీ గీత అయితే ఆ శాతాన్ని రెండింతలు చేసుకోండి.

పదార్థాల జాబితా బరువు ఎక్కువున్న దాంతో మొదలవుతుంది. మొదటి మూడింట్లో పంచదార ఉంటే అది మిఠాయి కింద లెక్క, బిస్కెట్ అయినా, పాలల్లో కలిపే మాల్ట్ పొడి అయినా. డెక్స్‌ట్రోజ్, లిక్విడ్ గ్లూకోజ్, ఇన్వర్ట్ సిరప్, ఫ్రక్టోజ్, ఫ్రూట్ కాన్సన్‌ట్రేట్ ఇవన్నీ అదే బంధువర్గం. మాల్టోడెక్స్‌ట్రిన్ పట్టికలో పంచదారగా కనపడదు గానీ రక్తంలోకి గ్లూకోజ్‌గా తొందరగా చేరుతుంది. 2024లో కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ అమ్మకందార్లని మాల్ట్ పొడుల్ని ‘హెల్త్ డ్రింక్’ విభాగంలోంచి తీసెయ్యమంది. చట్టంలో హెల్త్ డ్రింక్ అనే మాటే లేదు మరి.

‘షుగర్ ఫ్రీ’ మిఠాయి గురించి క్లుప్తంగా: అందులో పంచదార ఉండదు, మైదా, కోవా, నెయ్యి ఉంటాయి. పంచదార బదులు వేసుకునే తీపి మాత్రల విషయంలో, బరువు తగ్గడానికి వాటిమీద ఆధారపడొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సలహా ఇప్పటికే షుగర్ ఉన్నవాళ్లకి వర్తించదనీ చెప్పింది. మీకు షుగర్ ఉంటే మీ డాక్టరు మాట వినండి.

7. పిల్లల వాటా, కడుపులో బిడ్డ వాటా

రెండో ప్రపంచయుద్ధం నాటి నుంచి బ్రిటన్‌లో పంచదార రేషన్ ఉండేది. 1953 సెప్టెంబరులో ఎత్తేశారు. ఎత్తెయ్యగానే జనం దాదాపు రెండింతలు తినడం మొదలుపెట్టారు. ఆ తారీఖుకి కాస్త ముందు, కాస్త తర్వాత పుట్టినవాళ్లని యాభై అరవై ఏళ్ల తర్వాత పోల్చి చూశారు, 2024లో సైన్స్ పత్రికలో వచ్చింది. కడుపులో ఉన్నప్పుడూ, పుట్టిన మొదటి రెండేళ్లూ రేషన్‌లో గడిపినవాళ్లకి టైప్ 2 షుగర్ ముప్పు దాదాపు 35 శాతం తక్కువ, బీపీ ముప్పు 20 శాతం తక్కువ. పంచదార గొడవలో నన్ను అన్నిటికన్నా కదిలించిన లెక్క ఇది.

నెల తప్పిన కోడలికి ప్రేమతో రోజూ స్వీటు తినిపించే అత్తమ్మలకి ఈ మాట చెప్పండి. అన్నప్రాశన రోజు పరమాన్నం నాలుకకి రాయండి, ఆచారం నిలుస్తుంది. మర్నాటి నుంచి ఉగ్గులో, పాలల్లో పంచదార వద్దు, రెండేళ్లు నిండేదాకా. రుచి తెలియని బిడ్డ అడగదు. బడికెళ్లే పిల్లలకి తీపి పూర్తిగా నిషేధించకండి, దొంగచాటుగా తింటారు. భోజనంతోపాటే పెట్టి, మధ్యమధ్యలో చాక్లెట్లు మాన్పించండి. పళ్లకి అదే రక్ష. సీబీఎస్ఈ 2025లో బడుల్లో షుగర్ బోర్డులు (దేంట్లో ఎంత పంచదార ఉందో చూపే బోర్డులు) పెట్టమంది. మీ పిల్లల బడిలో ఉందేమో అడగండి. లేకపోతే ఇంట్లోనే ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించి, ఏ ప్యాకెట్‌లో ఎన్ని చెంచాలో వాళ్లచేతే రాయించండి.

8. పండగకి వేరే పద్దు

సంక్రాంతి అరిసెలు, పోకుండలు, నువ్వుల చిమ్మిలి, మాడుగుల నుంచి ఎవరైనా తెచ్చిన హల్వా. వీటిని వదులుకోమంటే నేను కూడా వినను. ఏడాదికి పదిహేను ఇరవై పండగరోజులు ఎవరినీ పాడుచేయవు. మిగిలిన మూడొందల నలభై పైచిలుకు రోజుల టీలూ, బిస్కెట్లే అసలు లెక్క. పండగ నాడు భోజనంతోపాటే తినండి, ఆ పూట అన్నం తగ్గించుకోండి, మిగిలింది మర్నాడే ఇరుగుపొరుగుకి పంచెయ్యండి. డబ్బాలో వారంపాటు ఉంటే వారంపాటు చెయ్యి వెళ్తుంది.

9. తారీఖు రాసుకుని పరీక్ష చేయించుకోండి

హెచ్‌బీఏ1సీ దాదాపు రెండు మూడు నెలల సగటు చెబుతుంది. కాబట్టి మొదలుపెట్టిన రోజు ఒకసారి, మూడు నెలలకి ఇంకోసారి చూస్తే చాలు, వారం వారం వద్దు. 5.7 లోపు మామూలు, 6.5, ఆ పైన షుగర్, మధ్యలో ఉన్నది హెచ్చరిక. దేశంలో 10 కోట్ల మందికి షుగర్ ఉందని, ఆ మధ్య గీతలో 13 కోట్లకు పైగా ఉన్నారని 2023లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) సర్వే లెక్క చెప్పింది. మధ్యలో ఉన్నవాళ్లకి ఒంట్లో ఏ తేడా తెలియదు. 30 దాటినవాళ్లకి మీ వార్డులోని పట్టణ ఆరోగ్య కేంద్రంలో షుగర్, బీపీ ఉచితంగా చూస్తారు, ఆధార్ పట్టుకెళ్లండి. రక్తహీనత ఉంటే హెచ్‌బీఏ1సీ తప్పు చూపించొచ్చు, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి.

అమ్మకి కిందటిసారి 7.1 వచ్చింది. మందు అదే మోతాదు. టీలో అర చెంచా, జావలో పది గ్రాముల ముక్క, మధ్యాహ్నం అన్నం ముప్పావు గ్లాసు. మొన్న ముప్పయ్యో తారీఖు రాత్రి వంటింట్లో చప్పుడైతే వెళ్లి చూశాను. డబ్బా కాటా మీద పెట్టి, కళ్లజోడు సర్దుకుని అంకెలు చదువుకుంటోంది. క్యాలెండర్‌లో ఆ తారీఖు గడిలో రాసింది: మిగులు 640.